గుంటూరులోని నా ఖాతాలను నేనే చూసుకోవడం ఎందుకు మొదలుపెట్టాను

2011 ఆగస్టులో ఉద్యోగం కోసం డల్లాస్‌కు బయలుదేరే ముందు, బ్రాడీపేటలోని మా ఇంటి బీరువాలో నా పేరున ఉన్న కాగితాలన్నీ ఒక ఆకుపచ్చ ఫైలులో సర్ది నాన్నగారికి అప్పగించాను. పొదుపు ఖాతా పాస్‌బుక్కు, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, 2006 జూలైలో తెరిచిన పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) పుస్తకం, ఒక ఎల్‌ఐసీ పాలసీ, నెలనెలా కొంత చొప్పున కట్టే మూడు మ్యూచువల్ ఫండ్ సిప్‌లకు సంబంధించిన పత్రాలు అందులో ఉన్నాయి. వాటితో పాటు, నేను సంతకం మాత్రమే చేసి మిగతా గడులు ఖాళీగా వదిలేసిన 15జి ఫారాలు కూడా పదో పన్నెండో ఉన్నాయి. ప్రతి ఏప్రిల్‌లోనూ వాటిలో ఒకదాన్ని నింపి బ్యాంకులో ఇస్తే డిపాజిట్ వడ్డీ మీద పన్ను కోత ఉండదని మా వీధిలో అందరూ చేసే పనే మేమూ చేశాం. ఏడేళ్ల పాటు నాన్నగారు ఆ పనిని ఒక్క ఏడాది కూడా తప్పకుండా చేశారు.

ఆ ఫారంలో ఏమి రాసి ఉంటుందో నేను ఏనాడూ చదవలేదు. దానిపై సంతకం చేసే వ్యక్తి తాను భారతదేశంలో నివాసినని ధ్రువీకరిస్తాడు. టెక్సస్‌లో ఉంటూ, అక్కడే జీతం తీసుకుంటూ, గుంటూరులో నివాసం ఉంటున్నానని ఏటా నా సంతకంతో నేను అబద్ధం చెప్పాను. ఆ కాగితాన్ని ఎండలో శంకర్ విలాస్ సెంటరు దాకా నడిచి మోసుకెళ్ళినవారు మాత్రం నాన్నగారు. ఈ విషయం తెలిసిన రోజు నుంచి నాకు పన్ను లెక్క కన్నా ఆ నడకే ఎక్కువ బాధ కలిగిస్తోంది.

విదేశాలకు వెళ్ళినవారిలో చాలామంది తమ బ్యాంకు ఖాతాను ఇంటి చిరునామా లాంటిదని, తాము ఎక్కడున్నా అది మారనవసరం లేదని అనుకుంటారు. చట్టం అలా చూడదు. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్ళిన వ్యక్తి, 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం, బయలుదేరిన నాటి నుంచే ప్రవాసి అవుతాడు. అంతవరకు ఉన్న పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ, అంటే ఇక్కడి ఆదాయం కోసం ప్రవాసులు ఉంచుకునే ఖాతాగా మార్పించుకోవడం అతని బాధ్యత. ఆదాయపు పన్ను చట్టంలోని నివాస నిర్ణయం వేరు. అది ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ గడిపిన రోజుల లెక్క మీద ఆధారపడుతుంది. ఒకే మనిషి ఒకే ఏడాదిలో ఒక చట్టానికి ప్రవాసి, మరో చట్టానికి నివాసి కావచ్చు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే, ఏడాదికి ఒకసారి సంక్రాంతికి వచ్చిపోతున్నాను కదా, అంతా పాతపద్ధతిలోనే నడుస్తుంది అన్న భ్రమ నాలాంటివారికి కలుగుతుంది.

నా భ్రమ 2018 వసంతకాలంలో వీడింది. ఆ ఏడాది అమెరికా పన్ను రిటర్ను వేయడానికి కొత్త పన్ను సలహాదారు దగ్గరకు వెళ్ళాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న, అమెరికా బయట మీకు ఏవైనా బ్యాంకు ఖాతాలున్నాయా అని. ఆ ప్రశ్న రిటర్నులోనే, షెడ్యూల్ బి చివర ఉంటుంది. అంతకుముందు నా రిటర్నులు నేనే సాఫ్ట్‌వేరులో వేసుకుంటూ, దానికి ప్రతిసారీ లేదు అని గుర్తు పెట్టాను. నా జీతం పడే ఖాతా డల్లాస్‌లో ఉంది కాబట్టి, గుంటూరు ఖాతా నాన్నగారి వ్యవహారం అన్న భావనే నాలో ఉండేది.

అమెరికాలో పన్ను పరంగా నివాసి అయినవాడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించిన ఆదాయమైనా అక్కడి రిటర్నులో చూపాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నా ఇదే నియమం. దానికి తోడు, విదేశాల్లోని ఖాతాలన్నిటి నిల్వ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే నివేదికను అమెరికా ఖజానా శాఖకు ప్రత్యేకంగా సమర్పించాలి. 2018 నాటి మారకం రేటులో అది ఆరున్నర లక్షల రూపాయలకు కాస్త అటూ ఇటూ. అంత పెద్ద మొత్తాలు నాకెక్కడివి అని నేను అన్నప్పుడు, ఉమ్మడి ఖాతాలను కూడా లెక్కించారా అని ఆమె అడిగారు. నాన్నగారు తన పదవీ విరమణ డబ్బుతో వేసిన డిపాజిట్లన్నిటిలోనూ, రేపు ఇబ్బంది లేకుండా ఉంటుందని, రెండో పేరుగా నా పేరు రాయించారు. మన ఇళ్ళలో కొడుకు పేరునో కూతురు పేరునో డిపాజిట్‌లో చేర్చడం ప్రేమతో చేసే పని. ఎఫ్‌బార్ దృష్టిలో మాత్రం నా పేరున్న ఖాతా నా ఖాతాయే, అందులోని పూర్తి నిల్వ నా లెక్కలోకి వస్తుంది. అందులో ఒక్క రూపాయి నాది కాకపోయినా నివేదించక తప్పదు.

ఇంకొక విషయం నన్ను ఎక్కువగా నిర్ఘాంతపరిచింది. విదేశంలో సంపాదించి పంపిన డబ్బుతో వేసే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి భారతదేశంలో ప్రవాసికి పన్ను లేదు. పీపీఎఫ్ వడ్డీకీ లేదు. ఇక్కడ పన్ను లేదు కాబట్టి అక్కడా లేదని మా స్నేహితుల్లో దాదాపు అందరూ నమ్మేవారు, నేనూ నమ్మాను. అమెరికా రిటర్నులో ఆ రెండూ పన్ను పడే ఆదాయమే. ఒక దేశం ఇచ్చిన మినహాయింపును మరో దేశం గౌరవించవలసిన అవసరం ఏమీ లేదన్న ఈ చిన్న మాటను, విమానం ఎక్కే ముందు ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది.

మ్యూచువల్ ఫండ్ల సంగతి మరీ కష్టం. మన దేశంలోని మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం పీఎఫ్ఐసీ అనే, విదేశీ పెట్టుబడి సంస్థల వర్గంలో చేరుస్తుంది. యూనిట్లు అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని, వాటిని ఉంచుకున్న సంవత్సరాలన్నిటికీ పంచి, ఆయా ఏళ్ల అత్యధిక రేటుతో పన్ను వేసి, దానిపై వడ్డీ కూడా కలుపుతారు. నిర్ణీత పరిమితి దాటితే ఒక్కొక్క ఫండుకూ ఏటా ఒక్కొక్క 8621 ఫారం వేయాలి. నెలకు రెండు వేల రూపాయల చొప్పున మూడు సిప్‌లు నడిపిన వాడికి, ఆ ఫారాలు తయారు చేయించడానికయ్యే ఖర్చు లాభాన్ని మించిపోతుంది. అమెరికాలో స్థిరపడాలనుకునే యువకుడు ఎవరైనా అడిగితే, ఇండియాలో సిప్ కొనసాగించవద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను. గల్ఫ్ దేశాల్లో ఉండేవారికి ఈ బాధ లేదు, వారికి నా మాట వర్తించదు.

తెలియక చేసిన తప్పును సరిదిద్దుకోవడానికి అమెరికా పన్ను శాఖ అప్పటికే ఒక సరళమైన విధానాన్ని అమలులో పెట్టింది. అక్కడే నివసిస్తున్నవారు మూడేళ్ల రిటర్నులను సవరించి, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు సమర్పించి, కావాలని దాచలేదని వివరిస్తూ ప్రమాణపూర్వకంగా రాసి ఇచ్చి, ఆ కాలంలో చూపకుండా పోయిన ఆస్తుల సంవత్సరాంతపు నిల్వల మొత్తాల్లో అత్యధికమైనదానిపై 5 శాతం జరిమానా కట్టాలి. నేను 2012 నుంచి 2017 వరకు ఆరేళ్లకు లెక్కలు తీయవలసి వచ్చింది. ప్రతి ఖాతాలోనూ ప్రతి ఏడాదీ గరిష్ఠ నిల్వ ఎంతో కావాలి. బ్యాంకు వెబ్‌సైటులో అంత పాత లెక్కలు దొరకలేదు.

దొరికింది నాన్నగారి బీరువాలో. ఆయన జిల్లా పరిషత్ పాఠశాలలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినవారు. పాస్‌బుక్కులో ప్రతి నెలా ఎంట్రీ వేయించడం, నిండిన పుస్తకాన్ని కొత్తదానికి దారంతో కలిపి కుట్టడం, డిపాజిట్ పునరుద్ధరించిన ప్రతిసారీ పాత రసీదు నకలు దాచడం ఆయన అలవాటు. పీపీఎఫ్‌లో నెల వడ్డీని ఐదో తేదీ నుంచి నెలాఖరు లోపు ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కిస్తారు కాబట్టి, ప్రతి ఏటా ఏప్రిల్ ఐదో తేదీ లోపలే డబ్బు కట్టి, ఆ తేదీని డైరీలో ఎర్ర సిరాతో రాసేవారు. ఆ పుస్తకాల్లోని పేజీలన్నిటినీ మా చెల్లెలు విజయవాడ పటమట నుంచి రెండు ఆదివారాలు వచ్చి ఫోటోలు తీసి పంపింది. తప్పు నాది, దాన్ని దిద్దుకోవడానికి ఆధారమైన క్రమశిక్షణ ఆయనది. ఆయనకు ఈ వ్యవహారం చెప్పినప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ ఫారాలు ఇచ్చినందుకు నీ ఉద్యోగానికేమైనా ఇబ్బందా, నాన్నా?"

ఆ డిసెంబరులో గుంటూరు వచ్చి, ముందుగా ఆడిటరు గారిని కలిసి, ఇక్కడ కట్టవలసిన పన్నును వడ్డీతో సహా లెక్క కట్టించుకుని, తరువాత బ్యాంకుకు వెళ్ళాను. పాస్‌పోర్టు, వీసా, అమెరికా చిరునామా ఆధారం, పాన్ కార్డు నకళ్ళతో పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చమని దరఖాస్తు ఇచ్చాను. మొదట కౌంటరులో ఉన్న ఉద్యోగి, ఇన్నాళ్లూ నడిచింది కదా, ఇలాగే ఉంచుకోండి, ఎన్‌ఆర్‌ఓ అయితే పన్ను ఎక్కువ కోస్తారు అని నచ్చజెప్పబోయాడు. అతని ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు, కానీ అటువంటి సలహాయే ఎంతోమందిని తప్పుదోవలో ఉంచుతోంది. ఎన్‌ఆర్‌ఓ వడ్డీపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం మూలంలోనే కోస్తారన్నది నిజమే. అమెరికా పన్ను శాఖ నుంచి నివాస ధ్రువపత్రం తెప్పించుకుని, 10ఎఫ్ ఫారంతో కలిపి బ్యాంకుకు ఇస్తే, రెండు దేశాల మధ్య ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం ఆ కోత 15 శాతానికి తగ్గుతుంది. ఇక్కడ అలా కట్టిన పన్నుకు అక్కడి రిటర్నులో మినహాయింపు కోరవచ్చు. కాబట్టి ఇది నష్టం కాదు, కాస్త శ్రమ మాత్రమే.

అక్కడి నుంచి పంపే జీతం డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరుగా తెరిచాను. ఇక్కడి ఆదాయం, అంటే అద్దె, వడ్డీ, పాలసీ డబ్బు, ఎన్‌ఆర్‌ఓలోకి రావాలి. అక్కడి నుంచి వచ్చినది ఎన్‌ఆర్‌ఈలో ఉండాలి. ఎన్‌ఆర్‌ఈలోని డబ్బును పరిమితి లేకుండా తిరిగి తీసుకుపోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ నుంచి మాత్రం ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు, పన్ను కట్టినట్లు చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే 15సీబీ ధ్రువపత్రం, మనం సమర్పించే 15సీఏ ప్రకటన ఆధారంగా పంపుతారు. 2019లో ఫండ్లన్నీ అమ్మి ఆ డబ్బు తెచ్చుకున్నప్పుడు నేను ఈ పద్ధతినే అనుసరించాను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది కాబట్టి, ఆపైన ఈ పనులకు వెళ్ళేవారు 10ఎఫ్, 15సీఏ, 15సీబీ వంటి ఫారాల పేర్లను ఆడిటరును అడిగి సరిచూసుకోవాలి.

పీపీఎఫ్‌ను మూసివేయవలసిన అవసరం రాలేదు. నివాసిగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతాను ప్రవాసి పదిహేనేళ్ల గడువు ముగిసేదాకా కొనసాగించవచ్చు. కొత్తగా తెరవడానికి గానీ, గడువు తరువాత పొడిగించుకోవడానికి గానీ వీల్లేదు. 2022 ఏప్రిల్‌లో నాది గడువు తీరింది. నాన్నగారు మరో ఐదేళ్లు పొడిగిద్దామని ఎంతో ఆశపడ్డారు. అది కుదరదని చెప్పినప్పుడు, తాను పెంచిన చెట్టును కొట్టేస్తున్నట్లుగా ఆయన ముఖం చిన్నబోయింది.

పొలం విషయంలోనూ ఆయన ఆశకు ఇలాగే అడ్డు పడవలసి వచ్చింది. పెదనందిపాడు వైపు మాకున్న రెండెకరాల మిరప చేనుకు ఆనుకుని ఒక ఎకరం అమ్మకానికి వస్తే, అది నా పేరున కొనాలని ఆయన కోరిక. ప్రవాసి ఇల్లు కొనవచ్చు, స్థలం కొనవచ్చు, కానీ సాగుభూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. నేను డబ్బు పంపితే ఆయన తన పేరుననే కొన్నారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎందరో తల్లిదండ్రులు ఈ నియమం తెలియక, అమెరికాలో ఉన్న పిల్లల పేరున పొలం రిజిస్టరు చేయించడం నేను చూశాను. అది అమ్మవలసిన రోజున బయటపడుతుంది.

ఇక్కడికి నా కథ చక్కబడినట్లే అనుకున్నాను. ఖాతాల హోదా మారింది, కానీ వాటిని నడిపే మనిషి మారలేదు. బ్యాంకులో నమోదైన ఫోను నంబరు నాన్నగారిదే. నాకు ఓటీపీ కావాలంటే, డల్లాస్‌లో రాత్రి భోజనం వేళకు ఫోను చేస్తే, ఇక్కడ తెల్లవారి లేచి కళ్ళజోడు వెతుక్కుని ఆయన అంకెలు చదివేవారు. 2022 చివర్లో ఒక మధ్యాహ్నం, మీ అబ్బాయి ఖాతాకు కేవైసీ గడువు ముగిసింది, వెంటనే చేయకపోతే ఖాతా స్తంభిస్తుంది అని ఎవరో ఆయనకు ఫోను చేశారు. బ్యాంకు పేరు సరిగ్గా చెప్పారు, నా పేరూ సరిగ్గా చెప్పారు. రెండు ఓటీపీలు వచ్చాయి. మొదటిది ఆయన చదివేశారు. రెండోది చదవబోతుండగా అమ్మ ఫోను లాక్కుంది. డబ్బు పోలేదు. అయితే ఆ తరువాత నెల రోజుల పాటు ఆయన నాకు ఫోనులో సరిగా మాట్లాడలేదు. లెక్కల మాస్టారినైన తాను మోసపోబోయానన్న అవమానం ఆయనను తినేసింది. అప్పటికే ఆయన డైరీలో అక్షరాలు వంకరపోవడం, ఒకే డిపాజిట్‌ను రెండు చోట్ల రాయడం చెల్లెలు గమనించింది, నాకు చెప్పడానికి సంకోచించింది.

ప్రవాసుల డబ్బు గురించి మాట్లాడేటప్పుడు అందరూ వడ్డీ రేట్లు, మారకం రేట్లు, పన్ను శాతాలు చెబుతారు. ఆ డబ్బును ఇక్కడ రోజూ కాపలా కాస్తున్న వృద్ధుల గురించి ఎవరూ మాట్లాడరు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి చేతిలో మన ఖాతాల ఫోను నంబరు పెట్టడం అంటే, ఆయనను ప్రతిరోజూ దొంగల ఎదుట ఒంటరిగా నిలబెట్టడమే. ఈ మాట కఠినంగా ఉన్నా, నేను చేసిన పని అదేనని ఒప్పుకోక తప్పదు.

మరుసటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఖాతాలన్నిటిలోనూ నా అమెరికా నంబరునే నమోదు చేయించాను. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ నంబరు పెట్టుకోవచ్చు. 2023 జనవరిలో అమెరికా, సింగపూర్, యూఏఈ, బ్రిటన్ వంటి పది దేశాల నంబర్లతో ఈ ఖాతాలపై యూపీఐ వాడుకోవడానికి కూడా అనుమతి వచ్చింది. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో దగ్గరి బంధువైన నివాసిని ఫార్మర్ ఆర్ సర్వైవర్ అనే షరతుతో చేర్చుకోవచ్చు కాబట్టి, చెల్లెలిని అలా చేర్చాను; నేను ఉన్నంతకాలం నడిపేది నేనే, నేను లేని రోజున ఆమెకు ఆటంకం ఉండదు. స్థానిక చెల్లింపుల కోసం ఆమెకే పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చాను. దాన్ని టెక్సస్‌లో నోటరీ చేయించి, రాష్ట్ర కార్యాలయంలో, విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే అపోస్టీల్ వేయించి పంపాను. అలాంటి పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు రుసుము కట్టించాలన్న సంగతిని మా ఆడిటరు గారు సమయానికి గుర్తు చేశారు.

నా కాలేజీ రోజుల నాటి ఒక ఖాతా కూడా ఆ వరుసలో బయటపడింది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది, పదేళ్లు దాటితే అందులోని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. అందులో ఉన్నది నాలుగు వేల చిల్లర. దాన్ని మూసేయించాను.

ఇప్పుడు మిగిలినవి నాన్నగారి సొంత డిపాజిట్లు. వాటిలో రెండో పేరుగా ఉన్న నా పేరును తీయించి అమ్మ పేరు చేర్చాలని, నామినీలుగా నన్నూ చెల్లెలినీ రాయించాలని నిర్ణయించుకున్నాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను, ఒక్కొక్కరికి ఎంత శాతమో చెప్పి మరీ, రాయించే వీలు వచ్చింది. అమ్మ సంతకం బ్యాంకు కార్డు మీద ముప్పై ఏళ్ల కిందటిది. ఇప్పుడు చేయి వణుకుతుంది కాబట్టి కొత్త నమూనా సంతకం ఇవ్వడానికి ఆమె కూడా రావాలి. జనవరి 6న వెళదామని నేను విమానం టిక్కెట్టు చూసి చెబితే, నాన్నగారు పంచాంగం తెరిచి, మంగళవారం డబ్బు పనులు వద్దు, 7వ తేదీ బుధవారం పదిన్నర తరువాత వెళదాం అన్నారు. అలాగేనన్నాను. ఆకుపచ్చ ఫైలులోని కాగితాల పట్టికను ఆయనే మళ్ళీ ఒకసారి చేత్తో రాసి సిద్ధంగా ఉంచుతానని చెప్పారు.